సగం కాలిన జెండా

నా భార్య జీవితంలో ఒకే ఒక్క పని సగంలో వదిలేసి పోయింది. తప్పు ఆమెది కాదు, చట్టానిది. ఆ చట్టం రాసినవాళ్ళలో ఒక్కడికి కూడా సూదిలో దారం ఎక్కించడం రాదు. ఇందులో వాదించడానికేమీ లేదు.

ఆమె జెండాలు కుట్టేది. నేను జెండా ఎగరేసేవాణ్ణి. పెద్ద ఆఫీసులో అటెండరుని. పొద్దున జెండా ఎక్కించడం, సాయంత్రం దించడం, మడతపెట్టి బీరువాలో పెట్టడం, రిజిస్టరులో రాయడం. ఇదీ నా ఉద్యోగం. ఊరిబడిలో మాస్టారు నాకు రెండే నేర్పారు. చేతిరాత గుండ్రంగా ఉండాలి. జరిగింది జరిగినట్టు రాయాలి. ఆ రెండోది నా కొంప ముంచింది. నాకు సంసారాన్ని ఇచ్చిందీ అదే.

ఎంత జెండా అయినా గుడ్డే కదా. ఎండకు వెలిసిపోతుంది. గాలికి అంచు చిరుగుతుంది. మూడు నాలుగు నెలలకోసారి పాతది కుట్టుగదిలో ఇచ్చి కొత్తది తేవాలి. నాకంటే ముందున్నాయన రిటైరయ్యాక ఆ డ్యూటీ నాకు పడింది.

మొదటిసారి వెళ్ళినప్పుడు కుట్టుగదిలో ఎవరూ లేరు. నాలుగు మిషన్లు, వాటి మీద సగం కుట్టిన రంగులు, నేలంతా దారప్పోగులు. పెరట్లోంచి పొగ వస్తోంది. వెళ్ళి చూశాను. ఒక అమ్మాయి ఇనప తొట్టి ముందు చేతులు కట్టుకుని నిలబడింది. తొట్టిలో జెండా మండుతోంది.

నేను ఆలోచించలేదు. పంపు కింద నిండిన బకెట్టు ఎత్తి కుమ్మరించాను. సగం నీళ్ళు మంట మీద పడ్డాయి. సగం ఆమె మీద.

ఆమె అరవలేదు. నావైపు ఒకసారి, తొట్టిలోకి ఒకసారి చూసింది. జడ చివర నుంచి నీళ్ళు కారుతున్నాయి. చివరి నిప్పురవ్వ చుయ్యిమని ఆరేదాకా ఆగింది.

"ఆరిపోయిందా?" అంది.

"ఆరిపోయింది" అన్నాను, గర్వంగా.

"అమ్మయ్య. ఇప్పుడు మాట్లాడొచ్చు. నీకు బుద్ధుందా?"

"జెండా తగలబెట్టేది నువ్వూ, బుద్ధి లేనిది నాకా?"

"తగలబెట్టడం కాదు, సాగనంపడం. తెలియకపోతే అడగాలి. అడిగితే నోట్లో ముత్యాలేం రాలిపోవు."

"మంట మంటే."

"నీళ్ళు నీళ్ళే అని నేనూ నీ నెత్తిన పొయ్యనా?"

లోపలి నుంచి ఒక పెద్దాయన వచ్చాడు. మెడలో టేపు, చెవి మీద సుద్దముక్క. ఆమె తండ్రి, టైలరు.

"ఏంటమ్మా ఈ తడి?"

"వాన నాన్నా. ఇదిగో, ఈయనే వాన."

టైలరు నన్ను కూర్చోబెట్టి నిదానంగా చెప్పాడు. స్తంభం మీద వెలిసిపోయిన జెండా చెత్తకుప్పలో పడకూడదు. బల్లలు తుడవడానికి పోకూడదు. కుట్టిన గదికే తిరిగి రావాలి. కుట్టిన చేతులే దాన్ని కాల్చాలి. రంగు అన్నది కనబడకుండా బూడిదయ్యేదాకా అక్కడ ఎవరూ నోరు విప్పకూడదు. వాళ్ళ తాత నాటి నుంచీ అదే పద్ధతి.

"ఇప్పుడిది సగం కాలింది. ఇంతకంటే అవమానం ఉంటుందా దానికి?" అంది అమ్మాయి. "ఆర్పినవాళ్ళే మళ్ళీ అంటించాలి. అది రూలు."

"ఎవరు పెట్టారు ఆ రూలు?"

"నేనే. ఇప్పుడే."

టైలరు కాసేపు ఆలోచించి, "బాగానే ఉంది రూలు" అన్నాడు.

"నా చేత్తో జెండాకి నిప్పు పెట్టను. చచ్చినా పెట్టను" అన్నాను.

"అయితే ఆరబెట్టి దాస్తాను. బుద్ధి వచ్చినప్పుడు రండి, బకెట్టుగారూ."

ఆఫీసుకు వచ్చి రిజిస్టరులో రాశాను. 'కుట్టుగది పెరటిలో ఒక స్త్రీ పాత జెండా కాల్చుచుండగా నీళ్ళు పోసి ఆర్పితిని. జెండా సగము మిగిలినది.' కింద తేదీ, సంతకం. రాత్రంతా నిద్ర లేదు. కోపం వల్లే అనుకున్నాను.

ఆ ఏడాది మా ఆఫీసు జెండాలు తొందరగా చిరగడం మొదలుపెట్టాయి. రెండు నెలలకొకటి. తర్వాత నెలకొకటి. చేసిన తప్పు ఒప్పుకుంటాను. అంచు దగ్గర దారం నేనే లాగేవాణ్ణి. జెండా కోసం ప్రాణమిస్తానని చెప్పుకునేవాణ్ణి, ఒక పిల్ల ముఖం చూడటానికి గోటితో కుట్లు విప్పేవాణ్ణి.

మూడోసారికే ఆమె పట్టేసింది. అంచును వెలుతురుకు ఎత్తి చూసింది.

"ఇది గాలి చింపింది కాదు."

"మరి?"

"గాలికి గోళ్ళుండవు."

నేను చేతులు వెనక్కి పెట్టుకున్నాను. ఆమె కొత్త జెండా తేవడానికి లోపలికి వెళ్ళి, మామూలు కంటే చాలాసేపు రాలేదు. లోపల ఒక్క మిషనూ తిరగడం లేదు. నవ్వాపుకునే చప్పుడు మాత్రం వినబడింది.

ఒక్కోసారి పాతవి కాల్చే సమయానికి వెళ్ళేవాణ్ణి. మాట్లాడకూడదు కదా. తొట్టికి అటు ఆమె, ఇటు నేను. మధ్యలో వేడికి గాలి వణికేది. ఆ గాలిలోంచి ఆమె ముఖం నీళ్ళలో నీడలా కదిలేది. ఒకసారి చూసేది. కళ్ళు దించేది. మళ్ళీ చూసేది. చివరికి బూడిద మిగిలాక మాట్లాడే వీలొచ్చేది. అప్పుడు నాకు మాటలు దొరికేవి కావు.

"బకెట్టుగారికి నాలుక కూడా కాలిపోయినట్టుంది" అనేది.

అంతలో ఊరి కూడలిలో ఒక కాలేజీ కుర్రాడు కోపంతో జెండా తగలబెట్టాడు. ఎందుకు కాల్చాడో ఎవరూ అడగలేదు. ఊరంతా ఊగిపోయింది. ఏ కారణంతోనైనా, ఎవరైనా, ఎక్కడైనా జెండా కాలిస్తే జైలు అని చట్టం తెస్తామన్నారు. చట్టం కావాలంటూ మా ఆఫీసుకు సంతకాల కాగితం వచ్చింది. నేను గుండ్రంగా సంతకం పెట్టాను.

దాచలేదు. వెళ్ళి చెప్పాను.

"సీరియస్‌గానే పెట్టావా?" అంది.

"వాడు చేసింది తప్పు కాదా? రోజూ చేతులు జోడించి ఎక్కిస్తాను నేను. వాడు అగ్గిపుల్ల గీస్తే నా ఒళ్ళు మండదా?"

"మండుతుంది. నాకు మండదా? ఆ అంచు కుట్టింది నేను. వాణ్ణి పిలిచి నాలుగు తిట్టు. తిట్టడానికి నేనూ వస్తాను. జైలెందుకు?"

"భయం ఉండాలి."

"భయంతో నిలబడేది జెండా ఎలా అవుతుంది? గుడ్డ పోతే సాయంత్రానికి ఇంకోటి కుట్టి ఇస్తాను. జైల్లో ఎండిపోయిన పిల్లాణ్ణి ఏ దారంతో కుట్టమంటావ్?"

"అందరూ నీలా ఆలోచించరు."

"అందరూ నీలా సంతకం పెడతారు. సరే, కోపంతో కాల్చినవాడికీ, దణ్ణం పెట్టి కాల్చే మాకూ తేడా ఏమిటో నీ చట్టానికి కనబడుతుందా?"

"మీ జోలికి ఎవరూ రారు."

"కాగితం మీద రాసి ఉందా?"

రాసి లేదు. అది ఆమెకూ తెలుసు, నాకూ తెలుసు. నేను తల తిప్పుకుని వచ్చేశాను. మూడు వారాలు ఆ వీధికి వెళ్ళలేదు. ఆ మూడు వారాల్లో జెండా దారం ఒక్కటి కూడా ఊడలేదు.

చట్టం వచ్చింది. సోమవారం నుంచి అమలు అన్నారు. శనివారం మా పెద్ద గుమాస్తా పిలిచి, "ఇక పాత జెండాలు ఎక్కడికీ పంపొద్దు. గోదాములో పడెయ్" అన్నాడు. గోనెసంచిలో వేసి తీసుకెళ్ళాను. అక్కడ అంతకు ముందే ఇంకో ఆఫీసువాళ్ళు పెట్టిన సంచీ ఉంది. మూతి విప్పాను. ఎలుకలు పిల్లల్ని పెట్టాయి. రంగుల పీలికల మధ్య గులాబీ రంగు ఎలుకపిల్లలు కళ్ళు మూసుకుని పడుకున్నాయి.

సంచీ మూసేశాను. వస్తూ అగ్గిపెట్టె కొన్నాను.

ఆదివారం పొద్దున్నే బయలుదేరాను. వీధి మలుపు తిరిగేసరికి వాన పట్టుకుంది. కుట్టుగది పెరటి వసారాలో రేకుల కింద ఆమె ఒక్కతే కూర్చుని కండెలకు దారం చుడుతోంది. నన్ను చూసి లేవలేదు.

"బుద్ధి వచ్చిందా?"

జేబులోంచి అగ్గిపెట్టె తీసి చూపించాను. ఆమె లోపలికి వెళ్ళి ఆ సగం జెండా తెచ్చింది. ఇస్త్రీ చేసి ఉంది. కాలిన అంచు కూడా రాలిపోకుండా సన్నటి కుట్టు వేసింది.

"కాల్చబోయేదానికి కుట్టెందుకు?"

"అప్పటిదాకా అది జెండాయే కదా."

లోపల కాల్చలేం. గదంతా గుడ్డలు. వాన తగ్గాలి. కూర్చున్నాం. రేకుల మీద వాన వెయ్యి మిషన్లు ఒకేసారి తిరుగుతున్నట్టు మోగుతోంది. తొట్టిలో చినుకులు గంతులేస్తున్నాయి. తడిమట్టి వాసన, కొత్తగుడ్డ వాసన కలిసి వచ్చాయి. ఆమె దారం ఉండ విప్పి, కొస నా చేతికిచ్చి పట్టుకోమంది. నేను పట్టుకున్నాను. ఆమె చుడుతూ పోయింది. దారం తగ్గుతుంటే నా చెయ్యి ఆమె చేతి దగ్గరికి వెళ్తోంది. ఆగమని ఆమె అనలేదు. నేనూ ఆగలేదు. ఏమేం మాట్లాడుకున్నామో అడిగితే చెప్పలేను. కొంతసేపు వాన మాట్లాడింది.

నాలుగింటికి వాన ఒకసారి ఆగింది. మబ్బులోంచి పల్చటి ఎండ వచ్చి తొట్టి అంచు మీద కూర్చుంది. ఇద్దరం చూశాం. ఇద్దరం లేవలేదు.

పావుగంటకు వాన మళ్ళీ అందుకుంది. చీకటి పడ్డా తగ్గలేదు. ఆ వాన ఆగకూడదని కోరుకున్నది నేనే.

సోమవారం చట్టం అమల్లోకి వచ్చింది. మా పెద్ద గుమాస్తా పాత రిజిస్టరు తిరగేసి, నా గుండ్రటి చేతిరాత చదివి, ఇన్‌స్పెక్టరుకు పంపాడు. బుధవారం వాళ్ళు కుట్టుగదికి వచ్చి సగం జెండా తీసుకెళ్ళారు. ఆమెను కోర్టుకు రమ్మన్నారు. నేరం తేలితే రెండేళ్ళు.

కోర్టు గదిలో జడ్జమ్మ అడిగింది. "ఇది కాల్చింది ఎవరు?"

"నేను" అంది ఆమె.

"నేనండీ" అన్నాను వెనక నుంచి లేచి ఆమె పక్కకు వస్తూ.

"ఆర్పింది ఎవరు?"

"అదీ నేనేనండీ."

"మీరే కాల్చి మీరే ఆర్పారా? మధ్యలో మనసు మారిందా?"

గదిలో నవ్వులు. జడ్జమ్మ రిజిస్టరు తీసి పైకి చదివింది. ఒక స్త్రీ కాల్చుచుండగా. "ఇది మీ చేతిరాతేనా?"

"నాదేనండీ."

"అప్పుడు రాసింది నిజమా, ఇప్పుడు చెప్పేది నిజమా?"

"అది రాసేటప్పటికి ఈ అమ్మాయి నాకేమీ కాదండీ."

"ఇప్పుడేమవుతుంది?"

నాకు మంట దగ్గర నిలబడ్డట్టే ఉంది. పక్క నుంచి సన్నగా వినబడింది, "చెప్పవయ్యా బకెట్టూ."

"ఈమె లేకపోతే నేనే ఏమీ కానండీ" అన్నాను.

జడ్జమ్మ కళ్ళజోడు తీసి తుడుచుకుంది. చాలాసేపు తుడుచుకుంది. తర్వాత రిజిస్టరులో తేదీ మీద వేలు పెట్టింది. కాలిన సగం చట్టానికి ముందుది, దానికి శిక్ష లేదు. మిగిలిన సగం ఇకపై చట్టం కిందిది. అందులో ఒక్క అంగుళం కాలినా ఇద్దరూ జైలుకే. భద్రంగా ఉంచి, అడిగినప్పుడు చూపాలి.

"ఎవరి దగ్గర ఉంచుతారు? చిరునామా చెప్పండి."

"నా దగ్గర" అన్నాం ఇద్దరం.

"రెండు చిరునామాలు రాయను. ఒకటి చెప్పండి."

టైలరు లేచాడు. మెడలో టేపు అలాగే ఉంది. "నెల రోజులు గడువివ్వండమ్మా. పెళ్ళి చేసి ఒకే చిరునామా ఇస్తాను."

అలా పెళ్ళయింది. ముప్పై నాలుగేళ్ళు బతికాం. బాగానే బతికాం. ఆ సగం జెండా ట్రంకుపెట్టెలో ఉండేది. ఏడాదికోసారి ఆమె దాన్ని తీసి, ఎండలో ఆరేసి, కాలిన అంచు నిమిరి, కొత్త కలరా ఉండలు వేసి పెట్టేసేది. "నా చేతిమీద ఏ పనీ మిగల్లేదు, ఇదొక్కటే" అనేది. కుట్టు మొదలుపెడితే ముగించకుండా అన్నం తినని మనిషి. కూడలిలో మళ్ళీ ఎవరూ కాల్చలేదు. గోదాముల్లో ఎలుకలు మాత్రం బాగా పెరిగాయి.

పోయే ముందు రోజు ఆమె అడిగింది. "ఆ రోజు నాలుగింటికి వాన ఆగింది. నువ్వు చూశావా?"

"చూశాను."

"నేనూ చూశాను" అని నవ్వింది. అంతే.

చట్టాన్ని క్షమించను. పెద్ద గుమాస్తాను క్షమించను. ఆ సంతకాల కాగితం మీద గుండ్రంగా ఒక పేరుంది, వాణ్ణీ క్షమించను.

ఇప్పుడు ట్రంకుపెట్టెలో కలరా ఉండలు మాత్రమే ఉన్నాయి. పెరట్లో ఇనప తొట్టి కడిగి బోర్లించి ఉంది. వాన లేదు. అగ్గిపెట్టెలో ఒక పుల్ల తక్కువ. దీన్ని ఏ రిజిస్టరులోనూ రాయలేదు. ఇన్‌స్పెక్టరు అడిగినా, జడ్జి అడిగినా, మీరడిగినా, ఈ సంగతి ఇక జన్మలో మాట్లాడను.