ఇసుక బస్తా తర్వాతే రాకుమారుడు

“నాకంటే ముందు ఇసుక బస్తాకి హీరో వేషమా?” అన్నాడు లెక్కల మాస్టారు. నడుముకి బెల్టు, తలకి అట్ట కిరీటం.

“పడితే బస్తాకి కుట్లు వేసుకోవచ్చు. మీకు వేయడం నాకు రాదు. పక్కకి జరగండి,” అంది లిఫ్టుల ఇన్‌స్పెక్టరు.

నాటకంలో రాకుమారుడు రాకుమారి మేడ మీదికి ఎగరాలి. ఎగరేసే ఏర్పాటంతా డైరెక్టరే సొంత తెలివితో చేశాడు. ఆయన ఆమెకి బాబాయి. ఒకసారి చూసిపొమ్మని పిలిచాడు. ఆమె తలెత్తి చూస్తే గిలకలన్నీ లైట్లు మోసే సన్నటి పైపుకే వేలాడుతున్నాయి. తల దించితే ఎదురుగా మాస్టారి నవ్వు. ఆ నవ్వు చూస్తే కానివ్వండి అనేయాలనిపించింది. అందుకే తన మీద తనకే ఒళ్ళు మండింది.

బస్తా పైకి లేచింది. తాడు బాబాయి చేతిలో ఉంది. కింద మాస్టారు ఊపుగా డైలాగు అందుకున్నాడు. “నీకోసం ఆకాశమైనా ఎక్కుతాను!”

“భేష్!” అంటూ బాబాయి రెండు చేతులా చప్పట్లు కొట్టాడు.

బస్తా ధబ్బున పడింది. చెక్క సింహాసనం ముక్కలైంది. ఆమె కళ్ళకి బస్తా కనబడలేదు, అక్కడ పడ్డ మాస్టారే కనబడ్డాడు.

“ఎవరూ ఎగరడం లేదు. అంతే,” అంది.

“ఆదివారమే నాటకం తల్లీ! ఆ డైలాగుకి కరిగిపోయాను...”

“నువ్వు కరిగితే ఆయన నడుం విరుగుతుంది బాబాయ్!”

మాస్టారు మెల్లగా కిరీటం తీశాడు. “చెట్టు వేషం, గుమ్మం దగ్గర సైనికుడి వేషం వేసి వేసి ఇక్కడికొచ్చానండీ. వద్దంటే మెట్లెక్కే వెళ్తాను. కానీ ఎగరాలంటే ఏం చెయ్యాలో చెప్పండి.”

బతిమాలతాడనుకుంది. ఇలా అడుగుతాడనుకోలేదు.

“గిలకలు పైన ఇనప దూలానికి మారాలి. రెండో తాడుండాలి. చెయ్యి వదిలినా తాడుని పట్టేసే బ్రేకుండాలి. తాడు పట్టినవాళ్ళు నాటకం చూడకూడదు.”

“అంత మనసు రాయి చేసుకుని ఎవరు పట్టుకుంటారండీ?”

“నేను.”

ఆ వారమంతా సాయంత్రాలు ఇద్దరూ అక్కడే. ఆమె బిగించమంది, అతను బిగించాడు. గొడవపడ్డారు, నవ్వుకున్నారు. చివరికి కొత్త ఏర్పాటు మీద బస్తా ఏ తేడా లేకుండా ఎగిరి దిగాక, మాస్టారి వంతు వచ్చింది. ఆమె బెల్టు లాగి చూసి, మళ్ళీ లాగి చూసి, తాడు అందుకుంది.

మేడ ఎత్తుకి వెళ్ళగానే పైనుంచి కేక వినబడింది. “ఇన్‌స్పెక్టరు గారూ! మీరంటే నాకు చాలా ఇష్టం. పెళ్లి చేసుకుందామా?”

బాబాయి నోరు తెరిచాడు. ఆమె ముఖం వేడెక్కింది, చెయ్యి మాత్రం కదల్లేదు.

“గాల్లో ఉన్నవాళ్ళ మాట నమ్మను. దిగాక అడగండి.”

ఎంత తొందరగా ఉన్నా నెమ్మదిగానే దించింది. అతని పాదాలు నేలకి ఆనాక కొక్కేలు విప్పింది.

“ఇప్పుడు అడగండి.”

అంత పెద్ద గొంతూ ఏమైపోయిందో, మాస్టారు తడబడుతూ అడిగాడు.

“చేసుకుందాం,” అంది ఆమె. “ఇంటికొచ్చి మా నాన్నతో మాట్లాడండి. నడిచే రండి.”