ఖాళీ పడవలో పక్క సీటు

"ఇదిగో, ఇలా మాత్రం తినకండి!"

హెల్సింకి రేవు పక్కన మార్కెట్లో, పాతిక మంది టూరిస్టుల ముందు, ఎర్ర గొడుగు ఎత్తి ఓ అమ్మాయి నన్నే చూపిస్తోంది. నాకు విషయం బుర్రకెక్కేలోపే పైనుంచి ఓ సీగల్ పక్షి రివ్వున దిగి, నా చేతిలోని సాల్మన్ చేప రొట్టె తన్నుకుపోయింది.

"చూశారుగా? పాపం, మీ కోసం తన టిఫిన్ త్యాగం చేశాడు. చప్పట్లు కొట్టండి!"

కొట్టారు కూడా. నా చెవులు వేడెక్కిపోయాయి. తలొంచుకుని సువొమెన్‌లిన్నా కోట దీవికి వెళ్ళే పడవెక్కేశాను. జూన్ నెల కదా, లోపల ఇసుక వేస్తే రాలదు. మిగిలింది ఒకే ఒక్క సీటు. అది ఎవరి పక్కనో చెప్పక్కర్లేదు.

"కూర్చోండి, కరవను. అది సీగల్ పని," అంది సీటు మీది ఎర్ర గొడుగు తీస్తూ.

కూర్చున్నాను.

"కోపమా?"

"ఆకలి."

పకపకా నవ్వింది. పేరు పిహ్లా. రోజూ టూరిస్టుల్ని దీవికి తీసుకెళ్ళి కోట చూపిస్తుందట. అదే దీవి మీద కేఫ్‌లో దాల్చినచెక్క బన్నులు చేసేది నేనేనని చెబితే కళ్ళు పెద్దవి చేసింది.

"బన్నులు చేసేవాడికి ఆకలా! ఎవరితో చెప్పుకుంటారు?"

అలా మొదలైంది. వేసవంతా పొద్దున్నా సాయంత్రం అదే పడవ, అదే జనం. ఎంత జనమున్నా పిహ్లా పక్కన మాత్రం ఎర్ర గొడుగు దర్జాగా కూర్చుని ఉండేది. నన్ను చూడగానే దాన్ని ఒళ్ళోకి తీసుకునేది.

"గొడుగుకి కాళ్ళు నొప్పులట, కూర్చోబెట్టా," అనేది.

ఆ పావుగంట పడవ ప్రయాణం కోసమే నేను బన్నులు చేస్తున్నానని నాకు ఆగస్టులో తెలిసింది. చెప్పడానికి మాత్రం నోరు రాలేదు.

అక్టోబరు వచ్చింది. వానలు పట్టుకున్నాయి, టూరిస్టులు తగ్గిపోయారు. ఓ సాయంత్రం పడవెక్కి చూస్తే అంతా ఖాళీ. పిహ్లా కిటికీ దగ్గర కూర్చుంది. పక్క సీట్లో గొడుగు ఉంది. నన్ను చూసింది గానీ గొడుగు తీయలేదు.

నా కాళ్ళు అక్కడే ఆగిపోయాయి. సీట్లన్నీ ఖాళీగా ఉండగా వెళ్ళి ఒకరి పక్కన కూర్చుంటే మా ఊళ్ళో దాన్ని చొరవ అనరు, దౌర్జన్యం అంటారు. పైగా ఆ అమ్మాయి రోజంతా వాగి వాగి అలసిపోయి ఉంటుంది. అందుకని బుద్ధిగా వెళ్ళి వెనక మూల కూర్చున్నాను. మర్నాడూ అంతే. వారమంతా అంతే.

చివరికి పడవ తాళ్ళు విప్పే కైసు అక్క నన్ను పట్టుకుంది.

"ఏరా ఓట్సో, ఆ పిల్లకేమైనా అంటురోగమా?"

"అవేం మాటలక్కా?"

"వేసవంతా అతుక్కుపోయారు. ఇప్పుడేమో ఆ మూల ఒకరు, ఈ మూల ఒకరు."

"అప్పుడంటే చోటు లేదు కదా..."

"చోటు లేకే కూర్చున్నావా?"

"అది కాదు... కాస్త ప్రశాంతంగా ఉండనిద్దామని..."

"నీ మర్యాద సముద్రంలో కలవ! చలికాలానికి ఎక్కడో ఉత్తరాన లాప్లాండ్‌లో పనొచ్చిందట ఆ పిల్లకి. అవతలి ఒడ్డు దిగగానే ఫోన్ చేసి ఒప్పేసుకుంటుందట. ఇక్కడ తనని ఆపేవాళ్ళెవరూ లేరంది."

పడవ కదిలింది. ఉన్నది పావుగంట.

లేచాను. లోపల మేమిద్దరం కాక, కుక్కతో వచ్చిన ఓ పెద్దాయన ఉన్నాడు, అంతే. అన్ని ఖాళీ సీట్లూ దాటుకుంటూ వెళ్ళి పిహ్లా ముందు నిలబడ్డాను.

"ఇక్కడ... ఎవరైనా కూర్చున్నారా?"

చుట్టూ చూసింది. "పడవంతా ఖాళీయేగా."

"చూశాను."

"మరి?"

"నాకు ఇదే కావాలి."

గొడుగు మీద చెయ్యి వేసింది, కానీ తీయలేదు.

"ఈ వారం రోజులూ ఈ గొడుగు ఇక్కడెందుకుందనుకున్నావ్?"

"నన్ను రావద్దనేమోనని..."

"మొద్దావతారమా! వేసవిలో ఎందుకు పెట్టానో ఇప్పుడూ అందుకే, నీ కోసమే పెట్టాను. ఖాళీ పడవలో కూడా నువ్వే వచ్చి అడుగుతావేమోనని తీయలేదు." ముఖం కిటికీ వైపు తిప్పుకుంది. "నువ్వు రాకపోయేసరికి, చోటు లేకే ఇన్నాళ్ళూ నా పక్కన కూర్చున్నావనుకున్నా."

"రోజంతా మాట్లాడి అలసిపోయుంటావని..."

"రోజంతా కోట గోడల గురించి మాట్లాడతానయ్యా. నా గురించి మాట్లాడేది ఈ పావుగంటే!"

"లాప్లాండ్ వెళ్ళకు పిహ్లా. నువ్వంటే నాకు చాలా ఇష్టం. జూన్ నుంచీ."

పిహ్లా గొడుగు తీసి నా చేతిలో పెట్టి, కళ్ళు తుడుచుకుంది.

"నాకు మే నెల నుంచే. ఇంకా సీగల్ నీ జోలికి రాకముందు నుంచే. రోజూ రేవులో చూసేదాన్ని. కూర్చో."

కూర్చున్నాను. ఇద్దరం ఎందుకో తెలియకుండా నవ్వుకున్నాం. కుక్కతో ఉన్న పెద్దాయన ఖాళీ సీట్లకేసీ మాకేసీ మార్చి మార్చి చూశాడు. తర్వాత మెల్లగా లేచి, మాకు ఏకాంతం ఇవ్వడానికి చిట్టచివరి వరసకి వెళ్ళిపోయాడు. మా ఊళ్ళో పెద్దవాళ్ళ ఆశీర్వాదమంటే అదే.

ఒడ్డు దిగగానే పిహ్లా ఫోన్ తీసింది. నేను భయపడ్డాను, ఎంతైనా.

"క్షమించండి, రాలేను. ఇక్కడ పని దొరికింది... ఆ, చలికాలమంతా ఉంటుంది. ఒకతని టిఫిన్‌కి కాపలా."

కైసు అక్క వెనక నుంచి ఈల వేసింది. నేను మార్కెట్లో వేడివేడి సాల్మన్ రొట్టె ఒకటి కొని చెరి సగం చేశాను. పైన సీగల్ ఒకటి చక్కర్లు కొడుతోంది. వాన కూడా మొదలైంది. పిహ్లా నా చేతిలోంచి ఎర్ర గొడుగు లాక్కుని, మా ఇద్దరి తలల మీదా విప్పింది.

"ఇదిగో," అంది నా భుజానికి ఆనుకుంటూ, "ఇలా తినాలి."