మామ్మగారి దీపం మసి

బిలాస్‌పూర్ రైల్వే క్వార్టర్లో మైల తీరిన మధ్యాహ్నం. వీధి చివర గూడ్సు బండి తీరిగ్గా షంటింగ్ అవుతోంది. మామ్మగారు పోయిన చోట పెట్టిన ఆముదం దీపం తీసేశారు, కమురు వాసన మాత్రం గోడల్ని వదల్లేదు. నోరు పడిపోయి మంచాన ఉన్నన్నాళ్ళూ ఆవిడ పెదవులు కదపకుండా కీ... మని మూలిగి పిలిచేది. ఇప్పుడా గోల లేదు. మనవడి పెళ్ళాం రాజశ్రీ కాలేజీ నుంచి వచ్చి గుమ్మంలోనే ముక్కు మూసుకుంది.

ఆమెది కార్బన్ నానోట్యూబుల మీద పరిశోధన. వెంట్రుకకన్నా వేల రెట్లు సన్నని గొట్టాలవి. కార్బన్ పొర ఒకలా చుట్టుకుంటే లోహంలోలా కరెంటు పారుతుంది, ఇంకోలా చుట్టుకుంటే అంత తేలిగ్గా పారదు. దీపం మసిలోనూ దొరుకుతాయేమోనని మైల రోజుల్లో ఆ దీపం మీదే పళ్ళెం బోర్లించింది. మసికి మైలేమిటని నవ్వుకుంది కూడా. గీకిన మసిని పాత కాటుక భరిణెలో దాచింది. అంత చదువుకున్న మనిషి బుద్ధి అక్కడే గడ్డి తింది.

లోపల ఉయ్యాలలో తన పాప కళ్ళ నిండా కాటుక. నూనె చెంపల మీదకి కారుతోంది.

"అత్తయ్యా! ఆ భరిణె ముట్టుకున్నారా?"

"అచ్ఛా, కాటుక భరిణెలో కాటుక కాకపోతే ఏటుంటాదే?" అంది అప్పలనర్సమ్మ. "మైల తీరింది గదాని, కూసింత ఆముదంతో రంగరించి ఎట్టీసేను."

రాజశ్రీ ఉయ్యాల దగ్గరకి పరుగెత్తింది. తడిగుడ్డతో తుడిచింది. మసి పోయింది గానీ, కంటి కొసన పుసిలో నల్లటి పోగొకటి మిగిలింది. లాగింది... వచ్చింది. ఇంకా వచ్చింది. జిడ్డుగా, వెచ్చగా, వేళ్ళకి చుట్టుకుంటూ... మూరెడు. కుళ్ళిన నూనె కంపు. చివర తెల్లటి కుదురు... దానికంటుకుని ముడతల చర్మం పేలిక.

"ఎంట్రుకే అది... పారీయే," గుసగుసలాడింది అత్తగారు.

వెంట్రుకైతే కరెంటు పారదు. అది తేలితే చాలు, పాపకేమీ కానట్టే. రాజశ్రీ బ్యాగులోంచి మీటరు తీసింది, కరెంటు పారితే కూసేది. పోగు రెండు కొసలకీ తీగలు ఆనించింది.

కీ...

తీగలు లాగేసింది. కూత ఆగలేదు. బ్యాటరీ పీకేసింది. ఆగింది.

"పోన్లే..." అంది అత్తగారు, ఊపిరి వదిలి.

కీ...

ఉయ్యాలలోంచి. పాప రెప్ప వాల్చకుండా రాజశ్రీనే చూస్తోంది. నోరు మూసే ఉంది.