తొమ్మిదో నంబరు ప్రెజెంట్

పన్నెండు మంది ఫైనలియర్ అమ్మాయిలకు ఉద్యోగాలిచ్చిన విదేశీ కంపెనీ అడ్రసులో ఉన్నది, ఎప్పుడో మూతపడ్డ కోళ్లఫారం.

చీఫ్ ఆ కోళ్లఫారం ఫొటోను టేబుల్ మీదుగా తోశాడు. "బస్సు పదింటికి. ఎయిర్‌పోర్టుకని చెప్పారు. పోయేది రేవుకి. అక్కడ కంటైనర్ రెడీగా ఉంది."

ఏజెంటు వాచీ చూసుకున్నాడు. డిపార్ట్‌మెంటులో అతన్ని ఉడత అంటారు. కుదురుగా కూర్చోగా ఎవరూ చూడలేదు.

"కంపెనీ తరఫున వచ్చిన మేడమ్?"

"మన మనిషే. ఆ ముఠావాళ్లూ ఆమెను 'మన మనిషే' అనుకుంటున్నారు."

"కాలేజీలో పిల్లల్ని అప్పగిస్తున్నదెవరు?"

"అదే తెలీదు. నువ్వు డ్రైవరువి. బస్సు నేరుగా మన కాంపౌండులోకి తోలెయ్. పన్నెండు మందీ ఎక్కాకే కదులు. ఒక్కరు తగ్గినా, ఆ ఒక్కరూ మళ్లీ దొరకరు."

పదికి నాలుగు నిమిషాలుంది. కాలేజీ ముందు ఆగిన బస్సులో, ఖాకీ చొక్కాలో ఉడత స్టీరింగ్ మీద వేళ్లు ఆడిస్తున్నాడు. నల్లకళ్లద్దాల మేడమ్ లిస్టు మీంచి చూపు ఎత్తకుండా హాజరు పిలిచింది. పన్నెండుసార్లు "ప్రెజెంట్" వినబడింది. ఆమె చెవిదుద్దు సవరించుకుంది. అందులో మైకుంది. సవరిస్తే, బయల్దేరమని కోడ్.

ఉడత బయల్దేరలేదు. మూడో నంబరుకీ తొమ్మిదో నంబరుకీ పలికింది ఒకే గొంతు. రెండోసారి కాస్త ముక్కుతో పలికింది. అద్దంలో తలలు లెక్కపెట్టాడు. పదకొండు.

"ఏమ్మా, కిటికీ పక్కనమ్మాయ్. తొమ్మిదికీ నువ్వే పలికావు కదూ?"

ఆ అమ్మాయి నాలుక కరుచుకుంది. "ప్రాక్సీ అన్నా. అలవాటైపోయింది. దాన్ని ప్లేస్‌మెంట్ సర్ తన కారులో తీసుకొస్తానన్నారు. ఈలోగా ఆబ్సెంట్ పడితే ఉద్యోగం పోతుందేమోనని..."

"కారెక్కడ?"

"వెనక గేటు దగ్గర."

ఆ మాట పూర్తయ్యేసరికి బస్సు మలుపు తిరిగింది. రెండు పూలకుండీలు చక్రాల కింద నలిగాయి. అవతల గేటు తెరుచుకుంటోంది. తెల్లకారు ముందుకు దూకింది. ఉడత బస్సును అడ్డంగా తిప్పి బ్రేకు తొక్కాడు. కారు జానెడు దూరంలో ఆగింది.

వెనక సీట్లో తొమ్మిదో నంబరు, మత్తులో. మేడమ్ నాడి చూసి తలూపింది. పిల్ల క్షేమం.

ప్లేస్‌మెంట్ ఆఫీసరు కిందికి దిగి టై సర్దుకున్నాడు.

"ఈ అమ్మాయినొక్కదాన్నే విడిగా ఎందుకు?" అన్నాడు ఉడత, ఐడీ కార్డు చూపిస్తూ.

"డౌట్లుంటే అడగండర్రా అని నాలుగేళ్లు మొత్తుకున్నాను సర్. ఒక్కరూ నోరు విప్పలేదు. నిన్న ఈ పిల్ల అడిగింది, తిరుగు టికెట్ ఏది సర్ అని. మిగతావాళ్లకీ చెబుతుందని విడిగా ప్లేస్ చేశాను."

"ప్లేస్ చేశావా?"

ఆఫీసరు తల దించుకున్నాడు. "అమ్మాను. పన్నెండు మందినీ. నా సర్వీసులో హండ్రెడ్ పర్సెంట్ ప్లేస్‌మెంట్ ఇదొక్కటే సర్."