మసిగోడ మీద మేకు

నూనె మిల్లులో మనిషి చచ్చిపోయాడని మంటలు చల్లారాకే తెలిసింది.

ఫైరింజన్ వాళ్ళు రాత్రంతా నీళ్ళు కొట్టారు. తెల్లారాక పొగ తగ్గింది. పల్లి సంచుల బూడిద పారలతో ఎత్తిపోస్తుంటే మిషను వెనక శవం కనిపించింది. మోకాళ్ళు పొట్టలోకి ముడుచుకుని గోడ వైపు తిరిగి ఉంది.

వాచ్‌మన్ భిక్షపతి.

మక్తల్ ఎస్సై మంజులత టోపీ తీసి చంకలో పెట్టుకుంది. ఆమె కోపం సంగతి స్టేషన్‌లో అందరికీ తెలుసు. కోపమొస్తే అరవదు, గొంతు తగ్గిస్తుంది. ఆ పొద్దున ఆమె మాట పక్కనే ఉన్న కానిస్టేబుల్ విజేందర్‌కు కూడా సరిగ్గా వినపడలేదు.

"ఈయన డ్యూటీ ఎప్పుడు?"

"రాత్రి ఎనిమిదికి మేడం. మంట లేచింది ఏడు కాకముందే."

"మరి లోపలెందుకున్నడు?"

దానికి జవాబు గేటు దగ్గర నేల మీద కూర్చుని ఉంది. భిక్షపతి భార్య బిక్షమ్మ. ఆ మిల్లులోనే పల్లీలు చెరుగుతుంది, షెడ్డు ఊడుస్తుంది. ఏడవడం లేదు. తన రెండు చేతుల్నీ తనే చూసుకుంటోంది.

"జరమొచ్చింది మేడం ఆయినకు. ఇంట్ల ఒక్కడే ఎందుకని నేనే తోల్కొచ్చి మిషను వెనక సంచుల మీద పండవెట్టిన. ఆరింటికి మిల్లు బందైంది. లక్ష్మమ్మ పటానికి దీపం ముట్టిచ్చిన. గంజి కాసి తెస్త, జర పండుకో అని చెప్పి ఇంటికి పోయిన."

"తర్వాత?"

"నేనే సంపుకున్న మేడం. నా దీపమే ఆయిన్ని మింగింది."

"గా మాట నీకు ఎవరు చెప్పిన్రు?"

"సేటు చెప్పిండు. అందరు గదే అంటున్నరు."

సేటు అంటే దామోదర్. మిల్లుకు ఇద్దరు భాగస్వాములు. దామోదర్ పాత వ్యాపారి. రెండోవాడు వీరేశం, ఉన్న పొలం అమ్మి తెచ్చి ఇందులో పోసినవాడు.

దామోదర్ తెల్ల చొక్కాలో, తడి కళ్ళతో స్టేట్‌మెంట్ ఇచ్చాడు.

"నూనె మిల్లుల దీపమేందే అని ఎన్నిసార్లు మొత్తుకున్న మేడం! వింటదా? ఎలుక తన్నిందో, గాలికి వడ్డదో. చదువు లేనోళ్ళతోని గిదే పరేషాన్."

"మీరెప్పుడు పోయిన్రు?"

"ఆరింటికే. కూలోళ్ళతోనే బయటవడ్డ. మల్ల రాలే."

"తాళం?"

"నేనే వేసిన. భిక్షపతి లోపలున్నడని నాకు తెల్వదు. తెలిస్తే వేస్తనా?"

"పటం?"

"ఏం పటం మేడం?"

"లక్ష్మీదేవి పటం."

దామోదర్ కండువా కళ్ళకు అద్దుకున్నాడు. "అయ్యో, అదిగూడ కాలి బుగ్గైంది. మా నాయిన వెట్టిన పటం. అది యాదికొస్తే అన్నం సయిస్తలేదు."

పక్కన మనిషి శవం. ఈయనకు పటం కోసం అన్నం సయిస్తలేదు! మంజులత పళ్ళు కొరుక్కుంటూనే ఆ మాట ఉన్నదున్నట్టు రాయించి, కింద సంతకం పెట్టించుకుంది. షెడ్డుకు సీల్ వేయించింది.

రెండో రోజు ఇన్సూరెన్స్ సర్వేయర్ నవీన్‌కుమార్ వచ్చాడు. మర్యాదస్తుడు. విషయం సూటిగా చెప్పాడు.

"పనోళ్ళ అజాగ్రత్త అయితే పాలసీ వర్తిస్తది మేడం. ఓనరే కావాలని అంటుపెడితే మాత్రం ఏం రాదు. మీ రిపోర్ట్ కోసం ఆగిన."

"పాలసీ ఎప్పటిది?"

"పాతదే. పోయిన నెలనే బీమా మొత్తం పెంచిన్రు."

"మిల్లు ఎట్ల నడుస్తాంది?"

"నడుస్తలేదు మేడం. మూలుగుతాంది."

ఆయన వెళ్ళిన కాసేపటికి వీరేశం వచ్చాడు. కుర్చీ చూపించినా కూర్చోలేదు.

"మేడం, దీపమనే రాయండ్రి. మీ కాళ్ళు మొక్కుత."

"దీపం కాదని నేనన్లేదే? నీకెందుకొచ్చింది అనుమానం?"

"నేను, దామోదరన్న ఇద్దరం మహబూబ్‌నగర్ల కొత్తగ వ్యాపారం వెట్టెటోళ్ళ ట్రైనింగ్‌కు పోయినం. బిజినెస్ లా క్లాసుల చెప్పిన్రు. ఒక భాగస్వామి చేసిన పని ఫర్ము చేసినట్టేనంట. వేరే ఏమన్న తేలితే నేనుగూడ మునుగుత. ఉన్న పొలం అమ్మి వెట్టిన మేడం."

"వేరే ఏమన్న అంటే?"

"నాకు తెల్వదు. తెలుసుకోవాలని గూడ లేదు. బిక్షమ్మ మీద కేసు లేకుంట చూడుండ్రి. ఆమెకేమన్న ఇచ్చుకుంట. ఆమెకు ఎట్లైన అర్థంగాదు గద."

మంజులత గొంతు బాగా కిందికి దిగింది.

"నీకు క్లెయిమ్ రావాలె. ఆమె మాత్రం సచ్చేదాక మొగున్ని సంపుకున్ననని కుములుకుంట బతకాలె. గదే గద నువ్వు చెప్పేది? నేనుగూడ లా చదివిన వీరేశం. ఇసొంటి పాఠం నాకెక్కడ కనవడలే. సిగ్గుంటే లే, పో!"

వీరేశం నిలబడే ఉన్నాడు కాబట్టి లేవాల్సిన పని లేకపోయింది. తల వంచుకుని పోయాడు.

ఆమె నేరుగా సీల్ వేసిన షెడ్డుకు వెళ్ళింది. తూర్పు గోడ ముందు చాలాసేపు నిలబడింది. గోడంతా మసి. తల ఎత్తులో ఒక మేకు. దాని కింద బూడిదలో కమిలిపోయిన ఇత్తడి దీపం. విజేందర్‌తో ఆ బూడిదంతా జల్లెడ పట్టించింది.

అక్కడి నుంచి బిక్షమ్మ ఇంటికి. పొయ్యి చల్లగా ఉంది. దేవుని గూట్లో చీకటి. పక్కింటివాళ్ళు తెచ్చిపెట్టిన గిన్నె మూత తీయకుండానే ఉంది.

"వంట చేస్తలేవా అమ్మా?"

"అగ్గి ముట్ట మేడం. ఇంక ముట్ట. గీ చేతులతోని అగ్గిపుల్ల ఎట్ల గీస్త?"

మంజులత ఆమె పక్కనే నేల మీద కూర్చుంది. "ఒక్కటి యాది చేస్కొని చెప్పు. ఆ రోజు పటానికి ఏం వెట్టినవ్?"

"బొట్టు వెట్టిన. బతుకమ్మ దగ్గరికొచ్చింది గద, రోడ్డు పక్కన తంగేడు పూసింది. ఒక రెమ్మ తెంపుకొచ్చి పటం మూలకు చెక్కిన."

"ఎప్పుడు?"

"దీపం ముట్టిచ్చేటప్పుడే. సేటు బయట చెప్పులు వేస్కుంటున్నడు."

మర్నాడు పదకొండు గంటలకు అందరినీ షెడ్డుకు పిలిపించింది. దామోదర్, వీరేశం, నవీన్‌కుమార్, బిక్షమ్మ. విజేందర్ మాత్రం లేడు.

"ఇదేంది మేడం, మళ్ళ?" దామోదర్ విసుక్కున్నాడు. "దీపం వడ్డదని ఊరంత తెలుసు."

"ఊరికి తెలుసు. గోడను గూడ అడుగుదాం." మంజులత లాఠీతో గోడ చూపించింది. "పటం ఎక్కడుండె?"

"గా మేకుకే."

"మంట లేచినప్పుడు?"

"ఎన్నిసార్లు అడుగుతరు? అక్కడనే ఉండె. కాలిపోయింది."

"సర్వేయర్ సారూ, గోడకు పటం ఉండంగ పొగ వస్తే దాని వెనక మసి పడ్తదా?"

నవీన్‌కుమార్ మేకు దగ్గరికి వచ్చాడు. కళ్ళద్దాలు సర్దుకున్నాడు. "పటం కింద పడేదాక పడదు మేడం. ఎంతో కొంత తెల్లగ మిగలాలె. ఇక్కడ... గోడంత ఒక్క తీరుగ నల్లగుంది."

"కింద పడితే అద్దం పగలాలె. వెనక రేకు మిగలాలె. బూడిదంత జల్లెడ వట్టినం. దీపం దొరికింది. అద్దం పెంకు ఒక్కటి దొరకలే. అంటే మంట లేవకముందే పటం మేకు దిగింది. దిగి ఎక్కడికి పోయింది దామోదర్ సేటూ? నడుచుకుంట పోయిందా?"

దామోదర్ కండువా సర్దుకున్నాడు. "ఎవడో దొంగ..."

"తాళం నువ్వే వేస్తివి గద?"

గేటు బయట జీపు ఆగింది. విజేందర్ దిగాడు. చేతుల్లో గుడ్డ చుట్టిన పటం.

"సేటు ఇంట్ల, దేవుని అర్రల ఉండె మేడం. ఆయన భార్య రమమ్మనే తీసిచ్చింది. ఆ రోజు రాత్రే సేటు తెచ్చి పెట్టిండని స్టేట్‌మెంట్ గూడ ఇచ్చింది."

గుడ్డ విప్పాడు. అద్దం మీద మిల్లు దుమ్ము జిడ్డుగా పట్టి ఉంది. మసి మరక ఒక్కటీ లేదు. మూలన ఫ్రేము సందులో తంగేడు రెమ్మ, ఎండిపోయి.

బిక్షమ్మ లేచి నిలబడింది.

"కూలోళ్ళు పోయినంక నువ్వు మల్ల వచ్చినవ్," మంజులత అంది. "పటం తీసినవ్. దీపం సంచుల మీదికి వంపినవ్. తాళం వేసి పోయినవ్. ట్రైనింగ్‌ల పాఠం మంచిగనే విన్నవ్. నౌకరు తప్పయితే క్లెయిమ్ వస్తది, ఓనరు తప్పయితే రాదు. అందుకే తప్పు తెచ్చి ఈమె నెత్తి మీద వెట్టినవ్. ఇంటి దొంగను ఈశ్వరుడు గూడ పట్టలేడంటరు. నిన్ను లక్ష్మమ్మ పట్టిచ్చింది."

వీరేశం నేల మీద కూలబడ్డాడు. "నా బతుకు పోయింది!"

"నువ్వు సగం పాఠమే వింటివి. భాగస్వామ్య చట్టంల ఇంకో మాటుంది. మోసం చేసి ఫర్మును ముంచినోడే ఆ నష్టం ఫర్ముకు కట్టాలె. కోర్టుకు పో, ఆయన సొంత ఆస్తి మీద దావా వెయ్యి. ఇంకోటి విను. పనిజాగల పోయిన ప్రాణానికి పరిహారం ఇచ్చేటోళ్ళల్ల నువ్వుగూడ ఉన్నవ్. ఈమెకు ఏమన్న ఇచ్చుకుంటనన్నవ్ గద? చట్టం ఎంతంటే అంత ఇయ్యాలె."

దామోదర్ చేతులు జోడించాడు. "భిక్షపతి ఉన్నడని నిజంగ తెల్వదు మేడం. ఒట్టు. ఒట్టి సరుకే కాలుతదనుకున్న. పటం ఎట్ల కాలనిస్త? తల్లి లక్ష్మి. పాపం తగులదా?"

మంజులత నోరు తెరిచింది. కానీ అప్పటికే బిక్షమ్మ మాట్లాడుతోంది. మూడు రోజులుగా లేని గొంతు, ఎక్కడి నుంచి వచ్చిందో, షెడ్డంతా నిండింది.

"పటాన్ని సంకల వెట్టుకొని పోతివి సేటూ! అద్దం పగులకుంట, పువ్వు రాలకుంట పోతివి! ఎవరన్న ఉన్నరా అని ఒక్క పిలుపు పిలిస్తే నీ నోరు పడిపోతుండెనా? జరమొచ్చిన మనిషి, పిలిస్తే పలుకుతుండె! పదేండ్లు నీ మిల్లుకు కావలి పండుకున్నడు. నీకు బొమ్మ యాదికొచ్చింది, మా ఆయిన యాదికి రాకపాయె! థూ!"

ఎవరూ ఆమెను ఆపలేదు. ఆమె అప్పుడు ఏడ్చింది. భర్త పోయాక మొదటిసారి, రొమ్ము బాదుకుంటూ ఏడ్చింది. మంజులత ఏడవనిచ్చింది. విజేందర్ దామోదర్‌ను జీపు ఎక్కించాడు.

ఏడుపు తగ్గాక బిక్షమ్మ అడిగింది.

"నా దీపం కాదా మేడం?"

"నీ దీపం కాదమ్మా. నువ్వు వెట్టిన దీపం దాని జాగాల అది మంచిగనే వెలిగింది. వంపినోడు వాడు."

బిక్షమ్మ కొంగుతో మొహం తుడుచుకుంది. గేటు దాకా నడిచి ఆగింది. జీపు దగ్గరున్న విజేందర్ వైపు చెయ్యి చాపింది.

"అగ్గిపెట్టె ఉన్నదా బిడ్డా? ఇంట్ల మా ఆయిన పేర్న దీపం వెట్టాలె."