ఉసిళ్ళు రాలిన సాయంత్రం

శవం మీద ఉసిళ్ళ రెక్కలు అతుక్కుని ఉన్నాయి.

జుట్టులో. గౌను మడతల్లో. వీపు మీద.

సోమవారం తెల్లవారగానే సైన్సు బిల్డింగ్ వెనక్కి వెళ్ళిన వాచ్‌మన్ ఒట్టో కంట పడింది. అమ్మాయి పేరు లాన్యెరో. ఎమ్మెస్సీ రెండో ఏడు.

ఇన్‌స్పెక్టర్ ఓడోంగ్ పక్కనే గొంతుక్కూర్చుని చాలాసేపు చూశాడు. తర్వాత కానిస్టేబుల్ ఆరాచ్ చేత ఓ చెయ్యి వేయించుకుని శవాన్ని తిప్పాడు. కింద సిమెంటు చప్టా. ఇంకా తడిగా ఉంది. శుభ్రంగా ఉంది.

పాదాలకు చెప్పులు లేవు. అరికాళ్ళకి రంగు నూగు ఏదో పట్టుకుని ఉంది. దాన్ని గిల్లి కాగితంలో పొట్లం కట్టాడు.

"చెప్పులు పైనున్నాయి సార్," అంది ఆరాచ్. "మూడో అంతస్తు వరండాలో. పిట్టగోడ వార జతగా పెట్టి ఉన్నాయి. తనే దూకింది."

"ఎవరన్నారు?"

"అందరూ అంటున్నారు."

అందరూ అనడానికి కారణం ఉంది. అక్రాలో జరిగే పెద్ద కాన్ఫరెన్స్‌లో మాట్లాడమని లాన్యెరోకి పిలుపు వచ్చింది. విమానం ఖర్చు యూనివర్సిటీ ట్రావెల్ ఫండ్ భరించాలి. డిపార్ట్‌మెంట్‌లో ఏడాదికి ఒక్క విద్యార్థికే ఇస్తారు. శుక్రవారం ఆమెను పిలిచి, రాలేదని చెప్పారు. సోమవారానికి శవమైంది.

మధ్యాహ్నానికి గేటు బయట ఒక లారీ ఆగింది. కిట్గుం వైపు నుంచి తండ్రి వచ్చాడు. పేరు ఒబ్వోనా. లారీ వెనక ఇంటి ఆడవాళ్ళు ఒకరినొకరు ఒరుసుకుని కూర్చున్నారు. ఒక్కరూ ఏడవడం లేదు.

"దూకిందా అయ్యా నా కూతురు?" అని అడిగాడు ఒబ్వోనా.

"ఇంకా తెలీదు పెద్దాయనా."

"దూకిందంటే మా ముంగిట్లో పూడ్చనివ్వరు. పొలిమేర అవతల గుట్టుగా కప్పెట్టి రావాలి. ఆడవాళ్ళు గొంతెత్తకూడదు. ఆ పేరు మళ్ళీ ఏ పిల్లకీ పెట్టరు." ముసలాయన కళ్ళు ఎర్రగా, పొడిగా ఉన్నాయి. "పొద్దున్నుంచీ ఆపుకుని ఉన్నాం. ఏదో ఒకటి చెప్పు నాయనా. పొద్దు వాలేలోగా తీసుకుపోవాలి."

ఓడోంగ్‌దీ ఆ వైపు ఊరే. పొలిమేర అవతలి గుంటలు అతనికి తెలుసు.

మెట్లెక్కి మూడో అంతస్తుకి వెళ్ళాడు. వాన జల్లు కొట్టి వరండా నేల ఇంకా చెమ్మగా ఉంది. లైటు కిందంతా రెక్కలే. పిట్టగోడ వార రబ్బరు చెప్పులు. ఒకదాన్ని ఎత్తి, కింద చూసి, ఉన్నచోటే పెట్టాడు.

"ఫోటోలు తియ్యి. పైనా, కిందా."

"చెప్పులకా సార్?"

"చెప్పులకే."

ఆ వరండాలో రెండే గదులు. చివర ల్యాబ్. మధ్యలో డాక్టర్ ఒలాన్యా గది. ఆయన లాన్యెరోకి గైడు, ట్రావెల్ ఫండ్ కమిటీకి చైర్మన్.

ల్యాబ్‌లో కొమాకెచ్ అనే కుర్రాడు ఉన్నాడు. లాన్యెరో క్లాస్‌మేట్. ఈ గోలలో ఎవరో సీసా పగలగొట్టినట్టున్నారు, బూటు కాలితో గాజు పెంకుల్ని మూలకి నెడుతున్నాడు. ఒట్టో గుమ్మంలో నిలబడ్డాడు.

"నిన్న ఎంతవరకు ఉన్నావు?"

"ఆరున్నర దాకా సార్. వాన వెలవగానే కిందికి పరిగెత్తాను."

"ఎందుకు?"

"ఉసిళ్ళు లేస్తాయి గదా సార్, వేయించుకు తినడానికి. గేటు లైటు కింద హాస్టలంతా బేసిన్లు పట్టుకుని నిలబడింది."

"నిన్ను చూసినవాళ్ళున్నారా?"

"చూడ్డమా!" అన్నాడు ఒట్టో. "నా బేసిన్లోంచే గుప్పెళ్ళు గుప్పెళ్ళు కాజేశాడు. చదివేది ఎమ్మెస్సీ, చేతులు కోతివి."

కొమాకెచ్ నవ్వలేదు.

"మీరడక్కముందే చెప్తున్నా సార్. వరుసలో ఆమె తర్వాత నేనే. ఆమెకి రాకపోతే ఆ ఫండ్ నాకు రావాలి."

"వచ్చిందా?"

"ఎవరికీ రాలేదు. ఒలాన్యా సారే వెళ్తున్నారు. నిన్న కాన్ఫరెన్స్ ప్రోగ్రాం బయటికొచ్చింది. బోరు నీళ్ళు, పిల్లల గారపళ్ళు... అంతా లాన్యెరో పనే. రెండేళ్ళు సైకిల్ మీద నీళ్ళ సీసాలు మోసింది. ప్రోగ్రాంలో మాట్లాడేవాళ్ళ పేరు మాత్రం సార్‌ది." గాజు పెంకుల్ని నెట్టడం ఆపాడు. "దాన్ని ఆమె ఫోనుకి పంపింది నేనే. పంపకపోతే బతికుండేదేమో."

ఓడోంగ్ మధ్య గది తలుపు తట్టాడు.

"బూట్లు విప్పి రండి ఇన్‌స్పెక్టర్ గారూ. ఏమీ అనుకోకండి. ఇస్తాంబుల్ కాన్ఫరెన్స్‌లో కొన్న తివాచీ."

మేజోళ్ళతో లోపలికి వెళ్ళాడు. కాళ్ళు మెత్తగా దిగబడ్డాయి.

"విద్యార్థులు కూడా విప్పాలా?"

"వైస్‌చాన్సలర్ వచ్చినా విప్పాల్సిందే!" ఒలాన్యా నవ్వబోయి, సందర్భం గుర్తొచ్చి ముఖం సర్దుకున్నాడు.

"లాన్యెరో నిన్న ఈ గదికి వచ్చిందా?"

"రాలేదు. నేను వాన మొదలవక ముందే, ఐదింటికి ఇంటికి వెళ్ళిపోయాను. పాపం, ఫండ్ రాలేదని కుంగిపోయింది. కమిటీ నిర్ణయం, నా చేతుల్లో ఏముంది? ఈ కాలం పిల్లలు దేన్నీ తట్టుకోలేరండీ."

ఓడోంగ్ బయటికొచ్చాడు. బూట్లు తొడుక్కునే ముందు తన మేజోళ్ళ అడుగు చూసుకున్నాడు. ఆరాచ్ దగ్గర ఇంకో కాగితం అడిగి తీసుకున్నాడు.

మూడింటికి అందర్నీ వరండాలో నిలబెట్టాడు.

"ఒట్టో, నిన్న ఉసిళ్ళు ఎప్పుడు లేచాయి?"

"ఏడింటికి సార్. అరగంటలో అయిపోయాయి."

"శవం మీద రెక్కలున్నాయి. శవం కింద ఒక్కటీ లేదు. అంటే?"

ఆరాచ్ అంది, "ఉసిళ్ళు రాకముందే పడింది."

"ఇటు చూడండి." ఓడోంగ్ వంగి చెప్పు ఎత్తాడు. చెప్పు ఉన్నచోట తడి నేలకి రెక్కలు నొక్కుకుపోయి ఉన్నాయి. చెప్పు అడుగునా అతుక్కున్నాయి. పాదం ఆనే చోట మాత్రం ఒక్కటీ లేదు. "ఇవి ఉసిళ్ళన్నీ రాలాక పెట్టిన చెప్పులు. ఏడింటికి ముందే చచ్చిపోయిన పిల్ల, ఏడున్నర దాటాక మెట్లెక్కి వచ్చి చెప్పులు విడిచిందా?"

ఓడోంగ్ చెప్పుని ఆరాచ్ చేతికిచ్చాడు.

"అంతవరకూ ఇవి ఏదో గదిలో ఉన్నాయి. ల్యాబ్‌లో ఎప్పుడూ గాజు పెంకులే, అక్కడెవరూ చెప్పులు విప్పరు. ఈ వరండాలో చెప్పులు విప్పించే గది ఒక్కటే."

"దానికే నన్ను..." అన్నాడు ఒలాన్యా.

ఓడోంగ్ రెండు పొట్లాలు విప్పాడు. రెండింట్లోనూ నీలిరంగు నూగు.

"ఇది ఆమె తడి అరికాళ్ళకి అంటింది. ఇది నా మేజోళ్ళకి. నిన్న ఆమె మీ గదికి రాలేదన్నారు గదా డాక్టర్ గారూ?"

ఒలాన్యా పిట్టగోడకి ఆనుకోబోయి, ఉలిక్కిపడి ఇవతలికి జరిగాడు.

"తొయ్యాలనుకోలేదు. ఫోను మొహం మీద పెట్టి అరిచింది. డీన్ ఇంటికి పోతానంది. వెనకాలే వచ్చి చెయ్యి పట్టుకున్నాను. విదిలించింది. నాకు కోపం... గోడ పొట్టిది."

"తర్వాత?"

"గదిలో చీకట్లో కూర్చున్నాను. గేటు దగ్గర అందరూ నవ్వుతున్నారు. చాలాసేపటికి లైటు వేస్తే, గుమ్మం లోపలివైపు ఆ చెప్పులు. తెచ్చి పిట్టగోడ వార పెట్టాను."

"కిందికెళ్ళి చూశావా? బతికుందేమోనని?"

ఒలాన్యా తల అడ్డంగా ఊపాడు. ఆరాచ్ బేడీలు తీసింది. కొమాకెచ్ గోడవైపు తిరిగి నిలబడ్డాడు. ఒట్టో నోటికి చెయ్యి అడ్డం పెట్టుకున్నాడు. రాత్రి ఉసిళ్ళు వేయించి పిల్లలకి పెట్టింది అతనికి గుర్తొచ్చింది కాబోలు.

ఓడోంగ్ మెట్లు దిగాడు. లారీ నీడలో ఒబ్వోనా ఇందాకటిలాగే నిలబడి ఉన్నాడు. పొద్దు వాలుతోంది.

"పెద్దాయనా. మీ అమ్మాయి దూకలేదు. తోశారు. తోసినవాణ్ణి పట్టుకున్నాం."

ముసలాయన లారీ చెక్కని గట్టిగా పట్టుకున్నాడు.

"అయితే మా అమ్మ పక్కన పూడ్చుకోవచ్చా?"

"పూడ్చుకోండి."

"ఏడవొచ్చా అయ్యా?"

ఓడోంగ్ టోపీ తీశాడు.

"ఏడవండి."

ముసలాయనకి వెంటనే ఏడుపు రాలేదు. ముందుగా లారీ వెనక నుంచి ఒక ఆడగొంతు కేక పెట్టింది. దాని వెనక అన్నీ లేచాయి.