జర ఆపు బిడ్డా

నిన్న మధ్యాహ్నం నుంచి కౌసల్యమ్మ గది తలుపు తెరుచుకోలేదు! పొద్దున చాయ్ తీసుకెళ్లి యాదలక్ష్మి తలుపు కొడితే, ఆకలి లేదు బిడ్డా అన్న మాట ఒక్కటే బయటికి వచ్చింది. అత్తగారి గొంతులో కోపం ఉన్నా బాగుండేది... నాలుగు తిట్లు తిట్టినా బాగుండేది... తప్పంతా తనదే అయినప్పుడు ఎదుటి మనిషి పల్లెత్తు మాట అనకపోవడం ఎంత పెద్ద శిక్షో యాదలక్ష్మికి ఇప్పుడే తెలుస్తోంది.

వాకిట్లో కొత్త బండి నిలబడి ఉంది. నల్లటిది, ఎత్తయినది, గుట్టలూ వాగులూ దాటే రకం జీపు. కొని తొమ్మిది రోజులు. దిల్‌సుఖ్‌నగర్‌లో జాకెట్లు కుట్టే దుకాణం పెట్టి, పన్నెండేళ్లు స్కూటీ మీద గుడ్డల మూటలు మోసి, వానాకాలం చంపాపేట్ రోడ్డు మీద మోకాలిలోతు నీళ్లలో ఆ స్కూటీని తోసుకుంటూ ఇల్లు చేరిన మనిషి యాదలక్ష్మి. ఆడవాళ్లకు చిన్న బండి చాలు మేడం అని షోరూం అబ్బాయి అన్నందుకే పంతం పట్టి ఇది తీసుకుంది. భర్త మహేందర్‌కు స్టీరింగ్ అంటేనే భయం, కాబట్టి నడిపేది ఆమే. మొదటి రోజు బానెట్ ఎక్కడ అయిపోతుందో తెలియక సందు మలుపులో చెమటలు కక్కింది. గేర్ రాడ్డు పక్కన, గుట్టలెక్కేటప్పుడు వేసే రెండో రాడ్డును ఇప్పటికీ ముట్టుకోలేదు. అయితేనేం! ఆ ఎత్తు సీట్లో కూర్చుని ఆటోలనూ కార్లనూ పైనుంచి చూస్తుంటే ఇన్నేళ్లు పడ్డ కష్టమంతా తీరినట్టే ఉండేది.

ఆ గర్వమే ఆమె కళ్లు కప్పేసింది.

సీట్ల మీది ప్లాస్టిక్ కవర్లను నిన్న పొద్దున చించేస్తుంటే కౌసల్యమ్మ గబగబా వచ్చి అడ్డుపడింది. ఇంకో ఆర్నెల్లు ఉండనీ బిడ్డా అని బతిమాలింది. యాదలక్ష్మికి ఒళ్లు మండింది. కవర్లు తీయకుండా తిరిగితే చూసినవాళ్లు నవ్వరా? అసలు కోడలి పేరు మీద బండి రావడం ఈ ముసలామెకు ఇష్టం లేదని ఆమె మనసులో ఎప్పుడో ముద్ర పడిపోయింది. లేకపోతే తొమ్మిది రోజుల్లో ఒక్కసారైనా ఎక్కదా? ఎప్పుడు పిలిచినా కాళ్లనొప్పులే! పోయినేడు చిట్యాల దగ్గర సొంత తమ్ముడు మట్టయ్య పోతే చివరిచూపుకు కూడా వెళ్లలేదీమె. మా అత్తమ్మది రాతిగుండె అని యాదలక్ష్మి చుట్టాలందరికీ చెప్పింది కూడా. నిన్న ఆ తమ్ముడి సంవత్సరీకం. ఈసారి ఎట్లా రాదో చూస్తానని బలవంతాన బయల్దేరదీసింది. వీధంతా చూస్తుండగా మహేందర్ కింది నుంచి ఎత్తిపట్టి తల్లిని ముందు సీట్లో కూర్చోబెట్టాడు.

స్పీడు బ్రేకరు ఎక్కి దిగినప్పుడల్లా బండి ఎగిరి పడుతోంది. కౌసల్యమ్మ రెండు చేతులతో పొత్తికడుపు పట్టుకుని కూర్చుంది. ఎల్‌బీ నగర్ చౌరస్తా ఇంకా రానేలేదు.

"జర ఆపు బిడ్డా. దిగుత."

"గీడ ఆపితే ఎనక బండ్లోళ్లు ఊకుంటరా అత్తమ్మా? జర ఓపిక పట్టు."

మళ్లీ అడిగింది. యాదలక్ష్మి వినిపించుకోలేదు. నిజానికి, ఆ రద్దీలో బండి పక్కకు తీయడం ఆమెకు చేతకాదు! ఆ మాట ఒప్పుకోవడానికి నామోషీ... మూడోసారి కౌసల్యమ్మ అడగలేదు. తల తిప్పి కిటికీలోంచి చూస్తూ ఉండిపోయింది. సిగ్నల్ దగ్గర బండి ఆగినప్పుడు యాదలక్ష్మి పక్కకు చూసింది. సీటు తడిసి ఉంది.

"కొత్త సీటు ఖరాబ్ చేస్తివి కద అత్తమ్మా! చెప్పొచ్చు కద!"

అద్దాలు దించి ఉన్నాయి. పక్కన ఆటోలో ఉన్నవాళ్లు ఇటు తిరిగారు. వెనక సీట్లో మహేందర్ తల దించుకున్నాడు. కౌసల్యమ్మ మాత్రం ఇంటికి పోదామని మెల్లగా అంది. అంతే. చిట్యాల ప్రయాణం అక్కడితో ఆగిపోయింది.

నిన్నటి ఆ అరుపు చెవుల్లో మోగుతూనే ఉంది. ఎట్టకేలకు కౌసల్యమ్మ తలుపు తీసి స్నానానికి వెళ్లినప్పుడు దుప్పటి మారుద్దామని యాదలక్ష్మి ఆ గదిలోకి వెళ్లింది. మంచం కింద ఒక సంచి కాలికి తగిలింది. లోపల ఉతికి మడిచిన గుడ్డలు... తన దుకాణంలోని లైనింగు ముక్కలు! బొంతకని అత్త అడిగి తీసుకెళ్లినవి. నాలుగేసి పొరలు పేర్చి, అంచుల చుట్టూ సన్నటి చేతికుట్టు వేసి ఉన్నాయి. ఎందుకు కుట్టిందో ఆడమనిషికి వేరే చెప్పాలా? కవర్లు తీయొద్దని ఎందుకు బతిమాలిందో అప్పుడు అర్థమైంది! ఆ గుడ్డలు ఒళ్లో పెట్టుకుని నేల మీదే కూలబడిపోయింది.

కౌసల్యమ్మ తడి తలతో గుమ్మంలో ఆగిపోయింది.

"ఎన్నేండ్ల సంది అత్తమ్మా?"

"రెండేండ్లాయె. నీకెట్ల చెప్పుడు బిడ్డా? కొడుకు ముందల చెప్పే మాటనా ఇది?" ముసలామె తడి జుట్టు ముడేసుకుంది. "తమ్ముని పీనుగు కాడ కూసున్నప్పుడు గట్లయితే... వాని సావు నవ్వులపాలైతది అని పోలే."

రాతిగుండె! ఎంతమందికి చెప్పింది తను ఆ మాట! యాదలక్ష్మి సిగ్గుతో చచ్చిపోయింది. అత్త పాదాలు పట్టుకుంది. ఇరవై ఏళ్లుగా ఇంత వండి పెట్టి, పిల్లల్ని సాకి, తనను దుకాణానికి పంపిన మనిషి... ఒకే ఇంట్లో ఉంటూ ఆమె బాధ తనకు తెలియలేదు. తెలుసుకోవాలని కూడా అనుకోలేదు.

ఆ రోజే ఎల్‌బీ నగర్‌లో ఆడ డాక్టరు దగ్గరికి బయల్దేరారు. అత్తను తనే ఎత్తి కూర్చోబెట్టింది యాదలక్ష్మి. అడగకముందే దారిలో రెండుచోట్ల బండి పక్కకు తీసింది. రాదనుకున్నది, గోడకు అద్దం కాస్త రాసుకున్నా సరే, వచ్చింది. వెనక నుంచి ఎవరెంత హారన్ కొట్టినా కదల్లేదు.

దవాఖాన హాల్లో పాతికమంది దాకా ఉన్నారు. వాళ్లలో జ్యోతిక కూడా ఉంది. పెళ్లి జాకెట్లన్నీ యాదలక్ష్మి దగ్గరే కుట్టించుకునే పెద్దింటి మనిషి. ఆమె నవ్వి పలకరించబోతుండగానే నర్సు బయటికి వచ్చి, చీటీ చూసి గట్టిగా అడిగింది.

"మూత్రం ఆగుతలేదని వచ్చింది ఎవరమ్మా?"

తలలన్నీ తిరిగాయి. కౌసల్యమ్మ కొంగు ముఖానికి అడ్డం పెట్టుకుని కుర్చీలో ముడుచుకుపోయింది. యాదలక్ష్మి లేచి నిలబడింది.

"నేనే సిస్టర్. ఈమె మా అత్తమ్మ. తోడు వచ్చింది."

జ్యోతిక ముఖంలో నవ్వు ఆగిపోయింది. యాదలక్ష్మికి చెవులు వేడెక్కాయి. అయినా కూర్చోలేదు. అప్పుడు పక్కనుంచి ముసలి చెయ్యి ఆమె చెయ్యి పట్టుకుంది. ఆ చేతిని ఆసరా చేసుకుని కౌసల్యమ్మ మెల్లగా లేచింది. ముఖం మీది కొంగు తీసేసింది.

"నా బిడ్డకేం లేదు సిస్టరమ్మా," అంది, హాలంతా వినేలా. "నాకే."